పది టైర్ల లారీలో కుదుపు తగ్గాలంటే టైర్లు మార్చాలా, కమాను కట్టలు మార్చాలా?

మిర్చి లారీ, గుంటూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు ఒక పది టైర్ల లారీ ఉంది. గుంటూరు మిర్చి యార్డు నుంచి, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుకుని ఎక్కువగా చెన్నైకి, అప్పుడప్పుడు విశాఖపట్నానికి తిప్పుతాను. డ్రైవరు దొరకని రోజుల్లోనే కాదు, దొరికిన రోజుల్లో కూడా సగం దూరం నేనే నడుపుతాను. నాకు 47 ఏళ్లు. ఏడాదిగా నడుము కింది భాగంలో నొప్పి పట్టుకుని వదలడం లేదు. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఎముకలో దోషమేమీ కనబడలేదని, బండి కుదుపు కారణం కావచ్చునని, దాన్ని తగ్గించుకోవడమో బండి దిగడమో తేల్చుకోమని అన్నారు. బండి దిగే స్థితిలో నేను లేను.

ఈ లారీని నాలుగేళ్ల కిందట, జగ్గయ్యపేట వైపు సిమెంటు తోలుతూ ఉండిన ఒక యజమాని దగ్గర పాతదిగా కొన్నాను. లోడు మీద ఉన్నప్పుడు ఎలాగో ఓర్చుకోవచ్చు గాని, చెన్నైలో సరుకు దించి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు నెల్లూరు దాటేసరికే ఓపిక అయిపోతుంది. చిన్న గతుకు తగిలినా సీటు మీద నుంచి లేచి పడుతున్నాను. దీనికి తోడు, నున్నటి రోడ్డు మీద కూడా 60 కిలోమీటర్ల వేగం దగ్గర క్యాబిన్ అంతా ఒకే తాళంలో దడదడలాడుతుంది. వేగం 45కు తగ్గిస్తే అది దాదాపుగా ఆగిపోతుంది.

ఇప్పుడు ముందు రెండూ 10.00-20 కొలత నైలాన్ టైర్లు. గత సంవత్సరమే వాటికి కొత్త రబ్బరు వేయించాను. వెనుక ఎనిమిదీ నైలాన్ టైర్లే, అరుగుదల ఒక్కొక్కదానిది ఒక్కో తీరు. ఆటోనగర్‌లో ముగ్గురిని అడిగితే ఒకరు రేడియల్ టైర్లు వేయమన్నారు, ఒకరు బస్సులకు ఉన్నట్టు గాలి బెలూన్ల సస్పెన్షన్ కట్టించుకోమన్నారు, మూడో ఆయన మాత్రం కమాను కట్టల్లోంచి, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగుల్లోంచి, రెండేసి పట్టీలు తీసేస్తే పనైపోతుందన్నారు. మూడూ చేయించే డబ్బు నా దగ్గర లేదు. ఏది ముందు చేయాలో, దేనికి పెట్టిన డబ్బు వృథా పోదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని రాస్తున్నాను.

టైర్ల దుకాణం, బెజవాడ

అన్నగారూ, నేను టైర్లు అమ్ముకునేవాణ్ణి కాబట్టి రేడియల్ వేయమని చెబితే నా లాభానికే అనుకుంటారు. అందుకని ముందుగా టైరు ఎంతవరకు పని చేస్తుందో, ఎక్కడ దాని చేతిలో ఏమీ ఉండదో చెబుతాను.

నైలాన్ టైరులో దారపు పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అడ్డం పడుతూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగుతాయి. రోడ్డును తాకే భాగం, పక్కగోడ ఒకే దిమ్మలాగా పని చేస్తాయి కాబట్టి కింద రాయి తగిలితే ఆ దెబ్బ పక్కగోడలో పెద్దగా ఇంకకుండా ఇరుసు దాకా వెళ్తుంది. రేడియల్‌లో ఉక్కు తీగల పొర అంచు నుంచి అంచుకు నిటారుగా వెళ్తుంది, రోడ్డును తాకే భాగం కింద మాత్రమే ఉక్కు పట్టీలు చుట్టి ఉంటాయి. అందువల్ల అడుగు భాగం గట్టిగా, పరచుకుని ఉంటుంది, పక్కగోడ మాత్రం సులువుగా వంగుతుంది. కొత్తగా రేడియల్ చూసినవారు గాలి తక్కువైందేమోనని భయపడేది ఆ ఉబ్బును చూసే. చిన్న చిన్న గరుకుదనాన్ని, రోడ్డు అతుకుల దెబ్బను రేడియల్ బాగా మింగుతుంది, వేడి తక్కువ పుడుతుంది, డీజిలు కూడా కొంత కలిసి వస్తుంది. పక్కగోడ పలుచన కాబట్టి క్వారీ దారుల్లో రాళ్లు కోస్తే మాత్రం పనికి రాకుండా పోతుంది. మీది హైవే పని గనుక ఆ బెంగ తక్కువ.

అయితే పూర్తి బరువు మీద కూడా లారీ టైరు అణిగేది సుమారు మూడు నాలుగు సెంటీమీటర్లే. గుంతలో పడిన దెబ్బను ఆ కాస్త అణగడంలో ఏ టైరూ మింగలేదు. అది కమాను కట్టలు చేయవలసిన పని.

ఇక మీరు చెప్పిన 60 కిలోమీటర్ల దడ సంగతి. అందులో కమాను కట్టల తప్పు కన్నా మీ ముందు టైర్ల తప్పే ఎక్కువని నా అనుమానం. 10.00-20 టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 3.3 మీటర్లు నడుస్తుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు, అంటే టైరు సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది. టైరులో ఒకచోట ఎత్తు ఉంటే సెకనుకు 5 దెబ్బలు ఒకే తాళంలో పడతాయి. రోడ్డు మారినా తాళం మారకుండా, వేగంతో పాటే మారుతున్నదంటే అది చక్రం నుంచి వచ్చేదే. ముందు ఇరుసును జాకీ మీద ఎత్తి, సుద్దముక్కను కదలకుండా పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పి చూడండి. గీత చుట్టూ పడాలి. ఒక్క పక్కనే పడితే గుండ్రదనం పోయినట్టే. తప్పు ఎప్పుడూ రబ్బరుదే కానక్కర లేదు. టైరును రిమ్ములో పట్టి ఉంచే లాక్ రింగు సరిగా కూర్చోకపోయినా, డిస్కు (ఇనుప చక్రం) వంగినా అదే జరుగుతుంది. రిమ్ముకు ఆనుకుని పక్కగోడ మీద ఒక సన్నని గీత ఉంటుంది, అది చుట్టూ రిమ్ము అంచుకు ఒకే దూరంలో ఉందో లేదో చూస్తే టైరు రిమ్ములో వంకరగా కూర్చుందేమో తెలిసిపోతుంది.

రబ్బరు వేయించిన టైర్లను వెనుకకు వాడుకోండి, ముందుకు మాత్రం వద్దు. ఇది కుదుపు కోసం చెప్పే మాట కాదు, ముందు టైరు పేలితే స్టీరింగు మన చేతిలో ఉండదు. కొత్త జత కొంటే రెండూ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి, పొడవునా గాడులు ఉండే రిబ్ రకానివి వేయించండి. పెద్ద గుబ్బల లగ్ రకం ముందు వేస్తే హోరు, అదురు రెండూ పెరుగుతాయి. ఒకే ఇరుసు మీద నైలాన్ ఒక పక్క, రేడియల్ ఒక పక్క ఎన్నటికీ వేయకూడదు.

కొలత విషయంలో ఒక మాట. ట్యూబు లేని 295/80 ఆర్ 22.5 వేస్తే బాగుంటుందని ఎవరైనా అంటే, ఆ టైరుకు డిస్కులు కూడా మార్చాలని గుర్తుంచుకోండి. మీ 20 అంగుళాల డిస్కులకు 10.00 ఆర్ 20 రేడియల్ సరిపోతుంది. పక్కగోడ మీద 146, 149, 152 వంటి అంకె ఉంటుంది. ఒంటి టైరుగా 146 అంటే 3,000 కిలోలు, 149 అంటే 3,250, 152 అంటే 3,550 మోయగలదని అర్థం. కంపెనీవారు మీ బండికి చెప్పిన అంకెకు తక్కువది ఎంత చవకగా వచ్చినా వేయవద్దు.

పాత స్టీరింగు

తమ్ముడూ, ఇంత లెక్క అక్కర లేదు. నేను ఇరవై ఆరేళ్లు లారీ తోలాను. ఖాళీగా వచ్చేటప్పుడు అన్ని టైర్లలో ఇరవై పౌండ్ల గాలి తీసేసేవాణ్ణి, బండి పల్లకీలాగా వచ్చేది. లోడు దొరికిన చోట మళ్లీ కొట్టించుకునేవాణ్ణి.

టైర్ల దుకాణం, బెజవాడ

పెద్దలు చెప్పినది సిద్ధాంతరీత్యా తప్పు కాదు. బరువును బట్టి గాలి ఎంత ఉండాలో ప్రతి టైరు కంపెనీ పట్టిక ఇస్తుంది, తక్కువ బరువుకు తక్కువ గాలే రాసి ఉంటుంది. చిక్కంతా మళ్లీ కొట్టించడంలోనే ఉంది. దారిలో లోడు తగిలింది, కంప్రెసరు ఉన్న దుకాణం మూసి ఉంది, పోనీలే అని బయలుదేరారనుకోండి. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి లోపల వేడెక్కుతుంది. మే నెలలో మన రోడ్ల వేడికి అది తోడైతే పొరలు ఊడిపోతాయి. జోడు టైర్లలో లోపలిది మరీ ముందుగా పోతుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ తొంగి చూడరు.

కాబట్టి పట్టిక ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, ఎక్కువ కొట్టించకుండా ఉంటే చాలు. మన దగ్గర జరిగే తప్పు చాలావరకు దీనికి తలకిందులు. దేనికైనా మంచిదని పది పదిహేను పౌండ్లు ఎక్కువ కొట్టిస్తారు, ఆ తరువాత కుదుపని బాధపడతారు. మధ్యాహ్నం కాజ టోల్ గేటు దగ్గర ఆపి వేడి టైరులో గాలి పెరిగిందని తీసేయడం కూడా పొరపాటే. చల్లారాక ఆ టైరులో గాలి తక్కువై కూర్చుంటుంది.

విశ్రాంత మెకానికల్ అధ్యాపకుడు, విజయవాడ

ప్రశ్న వేసినవారికి ఒక చిన్న పని చెబుతాను. కాటా దగ్గర ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తాన్ని ఒకసారి తూచండి. ఖాళీగా ఒకసారి, మిర్చి లోడుతో ఒకసారి ఇలా చేయండి. ప్రతిసారీ ఛాసిస్‌కు, ఇరుసుకు మధ్య ఉన్న ఎత్తును ముందు, వెనుక రెండు పక్కలా టేపుతో కొలవండి. కొలిచే ముందు బండిని కొంచెం ముందుకూ వెనక్కీ నడిపి ఆపండి, లేకపోతే పట్టీల మధ్య రాపిడి వల్ల కట్ట పూర్తిగా దిగదు. కమాను కట్టల్లో పట్టీలు ఎన్ని ఉన్నాయో, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎన్ని ఉండాలో కూడా కనుక్కోండి. ఈ అంకెలు లేకుండా మనం చెప్పేదంతా ఊహే అవుతుంది.

మిర్చి లారీ, గుంటూరు

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఖాళీగా మొత్తం 9,600 కిలోలు, అందులో ముందు 4,200. దాదాపు 280 టిక్కీలు ఎత్తిన తరువాత మొత్తం 21,600, ముందు 5,400. లోడు ఎత్తాక ముందు పక్క కమాను 9 మిల్లీమీటర్లు, వెనుక పక్క కమాను 36 మిల్లీమీటర్లు దిగింది. ముందు కట్టల్లో 11 పట్టీలు ఉన్నాయి, కంపెనీ లెక్క ప్రకారం 9 ఉండాలట. వెనుక 12 ఉన్నాయి, 10 ఉండాలట. సిమెంటు తోలిన రోజుల్లో పాత యజమాని అదనంగా వేయించినట్టున్నారు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ నూనె కారి ఎండిపోయి ఉన్నాయి. అవి పని చేయడం లేదన్న సంగతి కూడా నాకు ఇప్పుడే తెలిసింది.

సుద్దముక్క పరీక్ష కూడా చేశాను. ఎడమ ముందు టైరుకు గీత ఒక పక్కనే పడింది.

విశ్రాంత మెకానికల్ అధ్యాపకుడు, విజయవాడ

ఈ అంకెలతో మీ లారీ కథ దాదాపుగా తెలిసిపోయింది. కొంచెం ఓపికగా చదవండి.

స్ప్రింగు మీద కూర్చున్న ఏ బరువుకైనా తన సొంత ఊపు ఒకటి ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు ఆ బరువుకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు దిగుతుందో కనుక్కుని, దాని వర్గమూలంతో 5ను భాగిస్తే, సెకనుకు ఎన్ని ఊపులు ఊగుతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. 4 సెంటీమీటర్లు దిగితే సెకనుకు రెండున్నర, 9 సెంటీమీటర్లు దిగితే 1.7, ఒక్క సెంటీమీటరే దిగితే 5. ఎంత ఎక్కువ దిగితే ఊపు అంత నెమ్మది, శరీరానికి అంత హాయి. కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపును ఎక్కువగా బాధపడేది సెకనుకు 4 నుంచి 8 ఊపుల మధ్యనని ఐ.ఎస్.ఓ. 2631 ప్రమాణం చెబుతుంది. పొట్ట, వెన్నుపూస ఆ తాళానికి తామూ ఊగడం మొదలుపెడతాయి.

ఇప్పుడు మీ వెనుక కట్టలు చూద్దాం. లోడు వల్ల వెనుక పెరిగిన బరువు 10,800 కిలోలు, దిగినది 3.6 సెంటీమీటర్లు, అంటే సెంటీమీటరుకు 3 టన్నులు. ఖాళీగా వెనుక ఉన్న 5,400 కిలోల్లో ఇరుసులు, చక్రాలు, టైర్లు కలిపి 2,400 కిలోలని నేను అంచనాగా తీసుకుంటున్నాను. ఆ బరువు స్ప్రింగు కింద ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదు. మిగిలిన 3,000 కిలోలకు కట్టలు ఒక్క సెంటీమీటరే దిగుతాయి. అంటే ఖాళీ బండి వెనుక భాగం సెకనుకు 5 ఊపులు ఊగుతుంది, సరిగ్గా నడుముకు పడని చోట. లోడులో అదే కట్ట 4.6 సెంటీమీటర్లు దిగి, ఊపు 2.3కు వస్తుంది. లోడులో ఓర్చుకోగలుగుతున్నాను, ఖాళీగా చచ్చిపోతున్నాను అన్న మీ మాటకు లెక్క ఇదే.

రెండేసి పట్టీలు తీసేస్తే ఏమవుతుంది? పట్టీలన్నీ ఒకే మందమనుకుంటే బిగువు 12కు 10 వంతులవుతుంది. ఖాళీ ఊపు 5 నుంచి సుమారు 4.6కు తగ్గుతుంది, అంతే. ఆటోనగర్‌లో మూడో ఆయన చెప్పినట్టు పనైపోదు. లోడు బండికి, ఖాళీ బండికి మధ్య వెనుక బరువు మూడు రెట్లు తేడా ఉన్నంత కాలం, ఒకే ఇనుప కట్ట రెండింటికీ హాయిగా ఉండడం సాధ్యం కాదు.

కానీ మీరు కూర్చునేది వెనుక కట్టల మీద కాదు. మన లారీల్లో డ్రైవరు సీటు దాదాపుగా ముందు ఇరుసు మీదే ఉంటుంది. ముగ్గురు చెప్పిన సలహాల్లోనూ ఈ సంగతి రాలేదు. ముందు బరువు ఖాళీకి, లోడుకు 1,200 కిలోలే తేడా, కాబట్టి ముందు కట్టను రెండింటికీ కుదిరేలా అమర్చుకోవచ్చు. మీ ముందు కట్ట సెంటీమీటరుకు 1,330 కిలోల లెక్కన ఉంది. ఇరుసు, చక్రాల బరువుగా 700 కిలోలు తీసేస్తే, ఇప్పుడు ఊపు ఖాళీగా 3.1, లోడులో 2.7. అదనపు పట్టీలు రెండూ తీస్తే ఇవి 2.8, 2.4 అవుతాయి. 9 మిల్లీమీటర్ల కొలతలో టేపు తప్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండవచ్చు, అందుకని ఈ దశాంశాలను పట్టుకుని వేలాడవద్దు. దిశ మాత్రం నిజం. పోయిన షాక్ అబ్జార్బర్లు మార్చితే ఒక గతుకుకు మూడు నాలుగు సార్లు ఊగేది ఒకటి రెండు సార్లకు ఆగుతుంది. అదీ ముఖ్యమే.

ఈ లెక్కంతా కట్టలు స్వేచ్ఛగా కదులుతున్నప్పటి మాట. పట్టీల మధ్య తుప్పు పట్టి బిగుసుకుపోతే చిన్న గతుకులకు కట్ట అసలు కదలదు, బండి టైర్ల మీదే ఊగుతుంది, ఖాళీగా ఆ ఊపు సెకనుకు ఐదారు దాకా ఉంటుంది. పైగా ఎడమ ముందు టైరు 60 వేగంలో సెకనుకు 5 దెబ్బలు వేస్తున్నది. ఈ రెండూ ఒకేచోట కలిస్తే మీ నడుము సంగతి నేను వేరే చెప్పనక్కర లేదు.

గాలి బెలూన్ల సస్పెన్షన్ గురించి. హైదరాబాదు బస్సుల్లో మీరు చూసే హాయి నిజమే. బరువు పెరిగితే కవాటం గాలిని పెంచి ఎత్తును నిలుపుతుంది, అందుకని ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఊపు ఒకటీ ఒకటిన్నర దగ్గరే ఉంటుంది. అయినా మీ పాత బండికి నేను దాన్ని సిఫారసు చేయను. బండి తయారైనప్పటి రూపాన్ని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో నిబంధనలు ఉన్నాయి, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా మార్పు చేస్తే చిక్కే. అంతకన్నా పెద్ద భయం మిర్చి లోడు ఎత్తు. మిర్చి తేలిక సరుకు, బరువు పూర్తి కాకముందే బాడీ నిండి పైకి లేస్తుంది. 2018 జూలైలో కేంద్రం పది టైర్ల లారీకి మొత్తం బరువును 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది, మీరు 21.6 దగ్గరే ఉన్నారు, ఐనా మీ లోడు సిమెంటు లోడు కన్నా ఎత్తు. ఇనుప కట్టల బిగువు బండి పక్కకు ఒరగకుండా కూడా కాపు కాస్తుంది. సరైన యాంటీ రోల్ బారు (ఒరగడాన్ని ఆపే కడ్డీ) లేకుండా దాన్ని మెత్తన చేస్తే మలుపులో బండి ఊయల అవుతుంది.

ఆటోనగర్ కమాను పని

మాస్టారి లెక్క చదివాను. మా నాన్నగారి కాలం నుంచి మాది ఇదే పని. ఆయన వేళ్లతో పట్టీ నొక్కి చెప్పేది వీరు వర్గమూలంతో చెప్పారు.

పట్టీలు తీయడం చిన్న పని అనుకుని రోడ్డు పక్కన చేయించవద్దు. చివర పిన్ను దూరే కన్ను ఉన్న పై పట్టీని, దాన్ని ఆనుకుని ఉన్న రెండో పట్టీని ముట్టుకోకూడదు, అవి ఇరుసును పట్టుకుని ఉండేవి. అదనంగా వేసినవి సాధారణంగా కొత్త రంగుతో, వేరే మందంతో గుర్తు దొరుకుతాయి. ఎడమ ఎన్ని తీస్తే కుడి అన్నే తీయాలి. కట్ట మందం తగ్గినప్పుడు కట్టను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులు మర చివరకు వచ్చి బిగిసినట్టు కనబడతాయి గాని బిగియవు, కాబట్టి కొత్తవి, తగిన పొడవువి వేయాలి. బండి బయటికి వెళ్లి మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వచ్చి బిగించుకోవాలి. ఎక్కువమంది రారు. పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి ఇరుసు వెనక్కి జరిగి వచ్చే బళ్లలో చాలావాటికి కారణం ఇదే.

పట్టీలను విడదీసినప్పుడు తుప్పు గీకించి, గ్రాఫైటు గ్రీజు పూయించి కట్టించండి. కట్టను ఛాసిస్‌కు తగిలించే షాకిళ్ల పిన్నులు, బుష్‌లు ఊగుతున్నాయేమో చూడండి. అరిగిన బుష్ చప్పుడును మన వాళ్లు కమాను గట్టిదనం అనుకుని మోసపోతుంటారు. కట్ట చివర్లను పట్టి ఉంచే క్లిప్పులు తప్పకుండా ఉండాలి, అవి లేకపోతే బండి ఎగిరినప్పుడు బరువంతా పై పట్టీ ఒక్కదాని మీదే పడి విరుగుతుంది. కొందరు పట్టీని కొలిమిలో కాల్చి వంపు మార్చి ఇస్తారు. ఒద్దు. నీరు పోసి చల్లార్చిన పట్టీ కొన్నాళ్లకు మెత్తబడడమో, పుటుక్కున విరగడమో జరుగుతుంది, దాని ఉక్కుకు ఇచ్చిన పదును అక్కడే పోతుంది.

కొత్త బళ్లలో మధ్యన మందంగా, చివర్లకు పలుచనగా ఉండే రెండు మూడు పట్టీల పారాబోలిక్ కట్టలు వస్తున్నాయి. వాటి మధ్య ఖాళీ ఉంటుంది, రాపిడి తక్కువ, అందుకే మెత్తగా నడుస్తాయి. మీ మోడలుకు కంపెనీవారే అటువంటి ముందు కట్టను ఇస్తే వేయించుకోవచ్చు. వేరే మోడలుది తెచ్చి ఇరికిస్తే ఎత్తు మారి స్టీరింగు కడ్డీ లెక్క తప్పుతుంది. రాపిడితో ఊపును ఆపే గుణం వాటిలో లేదు కాబట్టి షాక్ అబ్జార్బర్లు మంచివి ఉండి తీరాలి.

పాత స్టీరింగు

గాలి తీసే విషయంలో టైర్ల తమ్ముడు చెప్పినది ఒప్పుకుంటున్నాను. మా రోజుల్లో వేగాలు తక్కువ, రోడ్డు కూడా ఇలా మండేది కాదు. ఇంకొక మాట చెప్పి ఊరుకుంటాను. క్యాబిన్ కింద రబ్బరు దిమ్మలు, సీటు, ఈ రెండింటినీ ఎవరూ ప్రస్తావించలేదు. మా పక్క ఇంటి అబ్బాయి సీటు కింద గాలి బుడగ ఉండే రకం వేయించుకున్నాడు, వాడికి టైర్లూ కమాన్లూ మార్చినా రాని సుఖం అందులో వచ్చింది.

విశ్రాంత మెకానికల్ అధ్యాపకుడు, విజయవాడ

వారు మంచి మాట గుర్తు చేశారు. ఖాళీ బండి వెనుక నుంచి వచ్చే ఆ సెకనుకు నాలుగున్నర, ఐదు ఊపులను ఇనుప కట్టతో తగ్గించలేమని రాశాను. దాన్ని ఆపవలసినది సీటు. మంచి సస్పెన్షన్ సీటు సొంత ఊపు సెకనుకు ఒకటి, ఒకటిన్నర ఉంటుంది, అందుకని నాలుగు ఐదు ఊపుల కుదుపు అందులో చాలావరకు ఆగిపోతుంది. మనవాళ్లు వేసుకునే మందపాటి స్పాంజి దిండు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దాని సొంత ఊపే 4 దగ్గర ఉంటుంది కాబట్టి, మెత్తగా తోచినా ఆ కుదుపును పెంచి నడుముకు అందిస్తుంది. సీటుకు గాలిని బ్రేకు ట్యాంకు నుంచి నేరుగా లాగకండి, బ్రేకు గాలిని కాపాడే కవాటం దాటిన తరువాతి లైను నుంచే తీసుకోవాలి. సీటు మీద మీ బరువుకు సరిచేసే పిడి ఉంటుంది, దాన్ని తిప్పి పెట్టకపోతే సీటు అడుగంటి తన్నుతుంది.

మిర్చి లారీ, గుంటూరు

నెల రోజుల తరువాత రాస్తున్నాను. మొదట ముందు టైర్లు రెండూ 10.00 ఆర్ 20 రేడియల్, రిబ్ రకానివి వేయించాను. 60 దగ్గర దడ ఆ రోజే పోయింది. రబ్బరు వేసిన పాతవాటిలో గుండ్రంగా ఉన్నది వెనుకకు వెళ్లింది, రెండోదాన్ని తీసేశాను. తరువాత ఆటోనగర్‌లో ముందు కట్టలు విప్పించాను. పట్టీల మధ్య తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలింది. అదనపు పట్టీలు ముందు రెండేసి తీయించి, బుష్‌లు, పిన్నులు, యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయించాను. వెనుక కట్టలను శుభ్రం చేయించాను గాని పట్టీలు తీయించలేదు, ఎందుకంటే మాస్టారి లెక్కలో లాభం తక్కువగా కనబడింది, మిర్చి ఎత్తు భయమూ ఉంది. వెనుక టైర్లు అరిగిన కొద్దీ ఒక్కో ఇరుసుకు నాలుగూ ఒకేసారి రేడియల్‌కు మారుస్తాను.

ఈ పని తరువాత లోడుతో చెన్నై ప్రయాణం నిజంగానే మారింది. ఖాళీగా వచ్చేటప్పుడు బండి వెనుక ఇంకా ఎగురుతూనే ఉంది, లెక్క చెప్పినట్టే. మొన్న సీటు మార్పించాక ఆ ఎగరడం నా దాకా తక్కువగా వస్తున్నది. చిలకలూరిపేట దగ్గర టీ కోసం దిగినప్పుడు ఇదివరకు తలుపు పట్టుకుని ఒక నిమిషం నిలబడేవాణ్ణి, ఇప్పుడు నేరుగా నడిచి వెళ్తున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు.

ఒక్క సందేహం మిగిలింది. పట్టీలు తీసిన తరువాత గట్టిగా బ్రేకు వేస్తే బండి కొంచెం ఎడమకు లాగుతున్నది. ఇది కొత్త టైర్ల వల్లనా, కమాను పని వల్లనా?

ఆటోనగర్ కమాను పని

అన్నగారూ, యూ బోల్టులు మళ్లీ బిగించారా? ముందు అది చూడండి. తరువాత ముందు ఇరుసు మధ్య నుంచి వెనుక మొదటి ఇరుసు మధ్యకు ఎడమ పక్క ఎంతో, కుడి పక్క ఎంతో టేపుతో కొలవండి. రెండూ ఒకటి కాకపోతే సెంటర్ బోల్టు తన గుంటలో కూర్చోలేదన్నమాట, కట్ట విప్పి మళ్లీ కట్టాలి. ఒకటిగా ఉంటే ముందు ఎత్తు తగ్గింది కాబట్టి అలైన్‌మెంటు చేయించి, రెండు పక్కల బ్రేకు స్లాకు (వదులు) ఒకేలా పెట్టించండి. అప్పటిదాకా లోడు ఎత్తవద్దు.